పాట ఎత్తుకునే చోటు: ఒక తెలంగాణ ఊరి బతుకమ్మ పాటలపై కేస్ స్టడీ

ఈ కేసులో ఊరి పేరు, జిల్లా, వాడల పేర్లు, మనుషుల గుర్తులు తీసేశాం. ఒకటి రెండు చిన్న వివరాలు మార్చాం. పని నడిచిన క్రమం, ప్రతి మలుపులో తీసుకున్న నిర్ణయం, దాని వెనకున్న ఆలోచన మాత్రం ఉన్నదున్నట్టు ఉన్నాయి. పల్లెల్లో ఆడవాళ్ల పాటలు కాపాడాలని పూనుకునేవాళ్లు చాలామంది ముందు రికార్డర్ కొంటారు. రికార్డింగ్ చక్కగా వచ్చిన తర్వాత కూడా పాట పోతూనే ఉండొచ్చు. అలా ఎందుకు జరుగుతుందో ఈ ఊరిలో విడమరిచి చూసే వీలు దొరికింది కాబట్టి దీన్ని రాస్తున్నాం.

నేపథ్యం

వరి, పత్తి పండించే ఊరు. వాడకొక చోట బతుకమ్మ ఆడతారు, సద్దుల నాడు మాత్రం అందరూ చెరువు కట్టకు చేరతారు. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో నాడు సద్దులతో ముగిసే పండుగ ఇది. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక ఈ ఊరిలో బతుకమ్మలు ఎత్తు పెరిగాయి, జనం పెరిగారు, కట్ట మీద లైట్లు వచ్చాయి. పాటలు మాత్రం తగ్గాయి.

తగ్గడానికి అసలు కారణం పండుగలో లేదు, పొలంలో ఉంది. బతుకమ్మ పాట ఏడాదికి తొమ్మిది రోజులే పాడే పాట అనుకుంటాం. నిజానికి అదే కథను, అదే వరుసను ఆడవాళ్లు నాట్లలో, కలుపులో పల్లవి మార్చి పాడుకునేవాళ్లు. నోటికి పాట అలవాటయ్యేది అక్కడే. కలుపు మందు వచ్చి కలుపు తీత తగ్గింది. నాట్లకు బయటి నుంచి గుత్త ముఠాలు వస్తున్నాయి. తిరగలి, రోకలి ఎప్పుడో మూలకు చేరాయి. ఏడాది పొడుగునా సాగే సాధన ఆగిపోయి తొమ్మిది రోజుల పండుగ ఒక్కటే మిగిలింది. పదినెలలకు పైగా నోట్లో ఆడని పాట ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కసారిగా గుర్తుకు రావాలంటే రాదు.

ఇంకో విషయం మొదట్లోనే తెలుసుకోవాలి. ఊరి పాటలు అని మనం అంటున్నవి చాలావరకు ఆ ఊరివి కావు. కోడళ్లు పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. ఈ ఊరిలో పాట ఎత్తుకోగల పెద్దవాళ్లు ఏడుగురు ఉంటే, అందులో ఆరుగురు పెళ్లి చేసుకుని వచ్చినవాళ్లే. వాళ్ల పాటల దారి పడితే నలభై యాభై ఏళ్ల పెళ్లి సంబంధాల దారే కనబడుతుంది. మగవాళ్ల భూమి పత్రాల్లో ఎక్కడా లేని చరిత్ర ఇది.

సంఘం తెచ్చిన సమస్య

ఊరి మహిళా సంఘం మమ్మల్ని అడిగింది ఒక్కటే: పాటలు రికార్డు చేసి పెట్టండి. రెండేళ్ల కింద ఒక పెద్ద వాడలో ముందుండి పాడే ఆమెకు గొంతు పోయింది. ఆ ఏడాది ఆ వాడలో డీజే పెట్టారు. మరుసటి ఏడాది పక్క వాడ కూడా పెట్టింది. బాక్సుల ముందు మనిషి గొంతు వినబడదు. పాడగలిగినవాళ్లు కూడా చప్పట్లకే పరిమితమయ్యారు.

అడిగిన పని రికార్డింగే అయినా వెంటనే ఒప్పుకోకుండా, ముందు మూడు సంగతులు విడదీసి చూశాం. పాటలు గుర్తున్నవాళ్లు ఉన్నారా? ఉన్నారు. వినాలనుకునేవాళ్లు ఉన్నారా? ఉన్నారు. పాడాలనుకునే చిన్నవాళ్లు ఉన్నారా? ఉన్నారు, కానీ వాళ్లకు నేర్చుకునే చోటు లేదు. లోటు మూడోదాంట్లో ఉందని అప్పటికే కొంత అర్థమైంది. అయినా రికార్డింగ్‌తోనే మొదలుపెట్టాం. పెద్దవాళ్ల వయసు చూస్తే ఆగే వ్యవధి లేదు, సంఘం అడిగిన పని చేయకుండా వేరే పని చెబితే నమ్మకం కుదరదు.

మొదటి ప్రయత్నం: ఇంట్లో కూర్చోబెట్టి రికార్డు చేయడం

మామూలు పద్ధతే. మూసిన గది, ఫ్యాన్ ఆపేసి, ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా. ధ్వని శుభ్రంగా వచ్చింది. పాట రాలేదు. పాతిక ముప్పై చరణాల పాట చెప్పే మనిషి ఎనిమిదో చరణం దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే ఆరో చరణం దగ్గరే ఆగింది. ‘పాడొద్దు, మాటలు చెప్పండి చాలు’ అంటే అసలే రాలేదు.

పెద్ద వయసు, మతిమరుపు అని సరిపెట్టుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. ఆమె చెప్పిన కారణం వేరు: “అందుకునెటోళ్లు లేకపోతె పాట ముందలికి పోదు బిడ్డా.” బతుకమ్మలో ముందు పాడే ఆమె ఒక చరణం ఎత్తుకుంటుంది, గుంపు అదే చరణాన్ని తిరిగి అందుకుంటుంది. గుంపు పాడే ఆ కొన్ని క్షణాల్లో ముందు పాడే మనిషి తర్వాతి చరణం తలుచుకుంటుంది. ఆ వ్యవధి తీసేస్తే జ్ఞాపకానికి ఊపిరి ఆడదు. పైగా చప్పట్లు లేవు, వంగి లేచే అడుగు లేదు. ఈ పాట నోటికి ఎంత గుర్తుందో కాళ్లకూ చేతులకూ అంతే గుర్తుంది.

ఆమె పక్కన ఇద్దరు తోటి ఆడవాళ్లను కూర్చోబెట్టి అందుకోమంటే పాట సగం దాటింది. వాకిట్లో ఆరేడుగురు గుండ్రంగా నిలబడి, మధ్యలో నాలుగు తంగేడు కొమ్మలు పెట్టుకుని ఆడుతూ పాడితే పూర్తిగా వచ్చింది. ఇంట్లో దొరకని చరణాలు అక్కడ దొరికాయి.

ఆట మధ్యలో రికార్డు చేసేవాళ్లకు కొన్ని సాంకేతిక విషయాలు. మైకు గుండ్రానికి బయట ఒక పక్కన పెడితే, పాడే మనిషి దగ్గరికి వచ్చినప్పుడు గొంతు పెరిగి, దూరం పోయినప్పుడు పడిపోతుంది. మధ్యలో, బతుకమ్మ పక్కనే, ఛాతీ ఎత్తున స్టాండు మీద పెడితే ఎవరు ఎటు తిరిగినా దూరం మారదు. అన్ని వైపులా సమానంగా వినే ఓమ్నీ మైకు దీనికి సరిపోతుంది. ఒక దిక్కే వినే మైకు పెడితే వెనక వైపు వాళ్లు పోతారు. లెవెల్ గొంతును బట్టి పెట్టొద్దు, చప్పట్లను బట్టి పెట్టాలి. గట్టి చప్పట్లు రికార్డర్ మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తగిలేలా ఉంచితే చాలు. ఆటో లెవెల్ తప్పకుండా ఆపేయాలి. లేకపోతే చప్పట్లు పడ్డ ప్రతిసారీ రికార్డర్ లెవెల్ తగ్గించి, వెంటనే వచ్చే మాటను మింగేస్తుంది. ఫోన్‌లోని వాయిస్ యాప్‌లతో ఇంకో చిక్కు ఉంది. వాటిలోని నాయిస్ తగ్గించే ఏర్పాటు గుంపు గొంతును, చప్పట్లను అనవసర చప్పుడుగా తీసుకుని కోసేస్తుంది. స్టీరియోలో గంటకు సుమారు ఒక గిగాబైట్ అవుతుంది, కార్డులు దానికి తగ్గట్టు ఉంచుకోవాలి. గాలికి ఫోమ్ తొడుగు చాలదు, చెరువు కట్ట మీదైతే బొచ్చు తొడుగు కావాలి.

రెండో ప్రయత్నం: పుస్తకం

రికార్డింగులు విని రాసి, చిన్న పుస్తకం వేసి ఇంటింటికీ ఇద్దామని సంఘం తీర్మానించింది. ఆలోచనలో తప్పు లేదు. ఆడపిల్లలందరికీ చదువు వచ్చు. రాత ఉంటే మరచిపోరు. అయినా పుస్తకం పనిచేయలేదు. కారణాలు రెండు.

మొదటిది కంటికి కనబడేదే. చేతిలో పుస్తకం ఉంటే చప్పట్లు కొట్టలేరు. మాపటి వేళ మసక వెలుతురులో వంగి లేస్తూ అక్షరాలు చదవలేరు. పుస్తకం పట్టుకున్న పిల్ల ఆట నుంచి పక్కకు జరిగి నిలబడింది.

రెండోది భాషకు సంబంధించింది. అచ్చుకు ముందు ఒక చదువుకున్న పెద్దమనిషి ప్రూఫులు దిద్దుతూ, గౌరవంతోనే, మాటలను పుస్తక భాషలోకి మార్చారు. ‘వచ్చిండు’ అన్నచోట ‘వచ్చినాడు’ అయింది, ‘పోయిండు’ ‘పోయినాడు’ అయింది. వచ్చిండు అంటే ఐదు మాత్రలు (మాత్ర అంటే అక్షరం పలికే కాలానికి కొలత). వచ్చినాడు అంటే ఆరు. ఒక్క మాత్ర పెరిగేసరికి పల్లవి మాట ‘ఉయ్యాలో’ చప్పట్లకు అందకుండా వెనకబడుతుంది. అలాంటి చరణాలు నాలుగు వరుసగా పడితే గుంపు తడబడుతుంది. పిల్లలకు కారణం తెలియదు. తమకు పాడరాదు అనుకున్నారు, పుస్తకం పక్కన పెట్టారు. ఈ నష్టం పెద్దది. ఇంటి భాషకు పాటలో చోటుందని నేర్పాల్సిన పని, అది తప్పు భాష అని మరోసారి నేర్పింది.

రెండో ముద్రణలో మాటలన్నీ పాడినట్టే వేశాం. పదాలు విరిగినచోట విరిగినట్టే, సాగినచోట సాగినట్టే, చప్పట్లు పడే అక్షరం మీద చుక్క పెట్టి. ఇప్పుడు ఆ పుస్తకం ఇంట్లో చూసుకోవడానికి పనికొస్తోంది. ఆటలోకి ఎవరూ తీసుకురారు, తేవాల్సిన అవసరమూ లేదు.

మూడో ప్రయత్నం: ఫోన్లు, స్పీకరు

పాటలు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ విన్నారు, మెచ్చుకున్నారు. పండుగకు ఒక వాడలో డీజే బదులు బ్లూటూత్ స్పీకరులో అవే పాటలు పెట్టారు. సినిమా పాట పోయి సొంత ఊరి పాట వచ్చింది కాబట్టి ఇది గెలుపే అనిపించింది. కానీ ఆ రోజు ఆటలో గమనించాల్సింది ఒకటి ఉంది. స్పీకరులో పాడుతున్న పెద్దమ్మ అదే ఆటలో, నోరు మెదపకుండా చప్పట్లు కొడుతూ తిరుగుతోంది. ఆమె పక్కన ఉన్న పిల్ల కూడా పాడలేదు. మనిషి పాడితే కొత్తగా వచ్చి చేరేవాళ్ల కోసం ఆగుతుంది, చిన్నపిల్లలు తడబడితే నెమ్మదిస్తుంది, ఊపు వచ్చాక వేగం పెంచుతుంది. స్పీకరుకు ఇవేవీ తెలియవు.

వాట్సాప్‌తో ఇంకో గొడవ వచ్చింది. కోడలి కష్టాల పాట ఒకదాంట్లో ఒకామె తన సొంత ఇంటి సంగతులు కలిపి పాడింది. అది వాకిట్లో తోటివాళ్ల మధ్య పాడిన పాట. గ్రూపులో ఎవరో బయటికి పంపారు, బంధువుల దాకా పోయింది. ఆమె కొన్నాళ్లు పాడటం మానేసింది. అప్పటిదాకా ఉన్న అనుమతి ‘రికార్డు చేయొచ్చా’ అన్న ఒక్క ప్రశ్నే. దాన్ని మూడుగా విడగొట్టాం: ఎవరైనా వినొచ్చు, ఊరి ఆడవాళ్లే వినొచ్చు, నేను చెప్పినవాళ్లే వినొచ్చు. పాట పూర్తయ్యాక దాన్ని వాళ్లకే వినిపించి, అప్పుడు అడగాలి. పాడకముందు అడిగితే ఏం పాడతారో వాళ్లకే తెలియదు, అందరూ మొహమాటానికి సరే అంటారు. జవాబు కూడా అదే ఫైలు చివర వాళ్ల గొంతులోనే ఉంచాలి. ఎప్పుడైనా మార్చుకోవచ్చని చెప్పాలి. ఇద్దరు మార్చుకున్నారు కూడా.

ఎవరి పాటలు ఊరి పాటలు?

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. సంఘం మొదట ఇచ్చిన గాయనుల జాబితాలో గుడి చుట్టుపక్కల ఇళ్లవాళ్లే ఉన్నారు. ఎవరూ కావాలని వదిలేయలేదు, తమకు తెలిసినవాళ్ల పేర్లు రాశారు. ఊరి చివరి వాడలో అన్నిటికన్నా పొడుగైన కథాపాటలు తెలిసిన ఇద్దరు ఉన్నారని తెలిసింది ఒక కూలి ముఠాలో మాట్లాడినప్పుడు. వాళ్లు ఇంకా కలిసి పనికి పోతారు, పనిలో ఇంకా పాడతారు. సాధన ఆగలేదు కాబట్టి పాట కూడా పోలేదు.

వాళ్లను పెద్ద వాడకు పిలిపిద్దామని ఒక సూచన వచ్చింది. వద్దన్నాం. ఎవరి ఆట వాళ్ల వాడలో, వాళ్ల వాకిట్లోనే రికార్డు కావాలి. పరాయి వాకిట్లో మనిషి గొంతు చిన్నదవుతుంది. రికార్డింగుకు కూర్చున్న పూటకు కూలి కూడా కట్టివ్వాలని గట్టిగా పట్టుబట్టాం. అది పాటకు ధర కాదు, పోయిన పనికి పరిహారం. అది లేకపోతే తీరిక ఉన్న ఇళ్లవాళ్ల పాటలే మిగులుతాయి. పది ఏళ్ల తర్వాత ఆ రికార్డులు చూసినవాళ్లు ఊరికి ఉన్న పాటలు అవేనని నమ్ముతారు.

పనిచేసింది: బొడ్డెమ్మ

దారి చూపింది పెద్దవాళ్లే. మీరు ఎక్కడ నేర్చుకున్నారు అని అందరినీ అడిగి రాసుకుంటే, ఎక్కువమంది రెండు చోట్లు చెప్పారు: నాటు మడి, బొడ్డెమ్మ. బతుకమ్మకు ముందు రోజుల్లో పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో బొడ్డెమ్మను చేసి ఆడే ఆట అది. ఈ ఊరిలో చాలా ఏళ్లుగా ఆగిపోయింది. అది ఆగిపోవడంతో పండుగ ఒక్కటే తగ్గిందనుకున్నారు కానీ, పోయింది పాట నేర్చుకునే బడి. పెద్దల ముందు తప్పు పాడితే సిగ్గు. తోటి పిల్లల మధ్య తప్పు పాడితే నవ్వుకుని మళ్లీ పాడతారు. బతుకమ్మ ఆటలో పిల్లలకు పాట ఎత్తుకునే వంతు రాదు, బొడ్డెమ్మలో వాళ్లే ఎత్తుకోవాలి.

నాటు మడిని తిరిగి తేలేం. బొడ్డెమ్మను తేగలం. రెండు వాడల్లో మొదలుపెట్టారు. పెద్దవాళ్లు అరుగు మీద కూర్చుంటారు, అడిగితేనే అందిస్తారు. పిల్లలు తప్పు పాడినా ఆట మధ్యలో ఆపకూడదని ఒప్పందం. దిద్దడం అంతా ఆట అయ్యాకే. పెద్దవాళ్లకు ఇది కష్టమైన నియమం, కొందరు రెండు మూడు రోజులు పట్టి అలవాటు చేసుకున్నారు.

పాటల వరుస కూడా ఆలోచించి పెట్టుకున్నాం. మొదట పూల పేర్లు, చుట్టరికాలు వరుసగా వచ్చే పాటలు. వాటిలో చరణానికి ఒక్క మాటే మారుతుంది, తంగేడు తర్వాత గునుగు, గునుగు తర్వాత బంతి, చామంతి. ఒక చరణమే తర్వాతి చరణాన్ని గుర్తు చేస్తుంది. మరచిపోతే కళ్ల ముందు బతుకమ్మ మీద ఉన్న పూవు చూసి చెప్పేయొచ్చు. తర్వాత అన్నాచెల్లెళ్ల పాటలు. పొడుగు కథాపాటలు చివరికి, అవి కూడా కథను ముందు మాటల్లో చెప్పించాకే. కథ తెలిసిన పిల్ల ఒక చరణం పోయినా దాటి ముందుకు పోగలదు. కథ తెలియకుండా మాటలు బట్టీ పట్టిన పిల్ల ఒక్క చరణం పోతే అక్కడే నిలిచిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది నిలబడే చోటు. బతుకమ్మ మొదలయ్యాక ముందు పాడే ఆమెకు పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా, ఒక పిల్లను నిలబెట్టారు. మొదటి రోజుల్లో ఆ పిల్ల గుంపు తరఫున ముందుగా అందుకుంటుంది, ఆ పిల్ల అందుకున్నాకే మిగతావాళ్లు. తర్వాత పెద్దామెతో జతగా చరణం చెబుతుంది. పెద్దామె మెల్లగా గొంతు తగ్గిస్తుంది. చివరికి ఒక పాట పిల్ల ఎత్తుకుంటుంది, పెద్దామె అందుకుంటుంది. దూరం నిలబడితే చరణం మొదట్లో పెదవుల కదలిక, ఊపిరి తీసుకునే తీరు కనబడవు. పక్కన ఉంటేనే తర్వాతి మాట రాకముందే తెలుస్తుంది. ఒక వాడలో స్థలం ఇరుకై ఆ పిల్లను ఎదురుగా నిలబెట్టారు, అక్కడ నేర్చుకోవడం సగానికి పడిపోయింది. మరుసటి రోజు పక్కకు మార్చితే కుదిరింది.

డీజేను నిషేధించమని కొందరు అన్నారు. సంఘంలో చర్చించి వద్దనుకున్నారు. నిషేధిస్తే యువకులు ఎదురు తిరుగుతారు, ఆడపిల్లల్లో డీజే ఇష్టపడేవాళ్లు ఇటు రారు. దాని బదులు వేళ పంచుకున్నారు. దీపాలు పెట్టినప్పటి నుంచి మొదటి ఆట పూర్తయ్యేదాకా బాక్సులు మోగవు. పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉండేది ఆ వేళలోనే. డీజే చందాలో సగానికి పైగా ఇళ్లలోని ఆడవాళ్ల చేతుల మీదుగానే పోతోంది కాబట్టి ఈ మాట అడిగే హక్కు తమకుందని వాళ్లే గ్రామ సభలో చెప్పారు.

దాచిపెట్టే ఏర్పాటు

ఫైళ్లు మూడు చోట్ల ఉన్నాయి: సంఘం హార్డ్ డిస్కు, మా దగ్గర ఒక కాపీ, ఊరికి దూరంగా మరో కాపీ. ఏడాదికోసారి మూడూ తెరిచి ఫైళ్లు పనిచేస్తున్నాయో సరిచూస్తారు. దానికన్నా ఎక్కువ వాడకంలో ఉన్నది చేత్తో రాసిన రిజిస్టరు. పాట మొదటి చరణం, పల్లవి, చప్పట్ల వరుస, ఎప్పుడు పాడతారు, ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, వినే అనుమతి, ఇప్పుడు ఎవరు నేర్చుకుంటున్నారు. చివరి గడి ఖాళీగా ఉన్న పాటలే వచ్చే ఏడాది పని. రికార్డింగుల లెక్క ఎక్కడా చూడం. పుస్తకం, ఫోన్ లేకుండా ఆటలో పాట ఎత్తుకోగలిగినవాళ్ల లెక్కే చూస్తాం.

2003 నాటి యునెస్కో ఒడంబడికలో అమూర్త (పాట, ఆట లాంటి) సాంస్కృతిక వారసత్వ రక్షణ అన్నదాంట్లో నమోదుతో పాటు తర్వాతి తరానికి అందించడమూ ఉంది. భారతదేశం 2005లో అందులో చేరింది. ఇలాంటి పనులకు నిధుల కోసం రాసేటప్పుడు, పెద్దవాళ్ల కూలి, బొడ్డెమ్మ రోజుల ఖర్చు కూడా రక్షణ కిందికే వస్తాయని చూపడానికి ఇది ఉపయోగపడింది. యంత్రాలకు దొరికే డబ్బు మనుషుల వేళకు తొందరగా దొరకదు.

ఇంకా తెగని చిక్కులు

హాస్టళ్లలో చదివే పిల్లలు దసరా సెలవులకే ఊరికి వస్తారు. బొడ్డెమ్మ అప్పటికి అయిపోతుంది. వాళ్లకు దొరికేది బతుకమ్మ తొమ్మిది రోజులే, అందులో పక్కన నిలబడే చోటు ఊర్లో ఉన్న పిల్లలకు పోతుంది. ఈసారి వాళ్ల కోసం మధ్యలో ఒక రోజు చూశారు. పండుగ ఆరో నాడు, అలిగిన బతుకమ్మ నాడు, బతుకమ్మను పేర్చరు. ఆ సాయంత్రం ఊరికే కూర్చుని పాడుకునే వేళగా పెట్టి చూశారు. పెద్దవాళ్లలో కొందరికి ఆ నాడు పాడటం ఇష్టం లేదు. ఇష్టం లేనివాళ్లను అడగలేదు. ఇష్టపడ్డ ఇద్దరితోనే నడిచింది, అది సరిపోలేదు.

పొడుగు కథాపాటలు రెండు ఇంకా చివరి వాడలో ఆ ఇద్దరి దగ్గరే ఉన్నాయి. అవి పనిలో పాడితేనే పూర్తిగా వస్తాయి, సాయంత్రం ఆటలో అంత పొడుగు సాగవు. వాళ్ల కూలి ముఠాలోకి ఇద్దరు పిల్లలు సెలవు రోజుల్లో కలుపుకు పోయి వింటున్నారు. వాళ్లకు చదువు నష్టం కాకుండా ఎన్ని రోజులు పోవచ్చో తల్లులతో మాట్లాడి తేల్చుకోవాలి.

మొదట నేర్చుకున్న పిల్లల్లో ఒకరికి పెళ్లయి వేరే ఊరికి పోయింది. సంఘంలో కొందరు దీన్ని నష్టం కింద రాయమన్నారు. రిజిస్టరులో ఆమె పేరు కొట్టేయలేదు. పక్కన అత్తగారి ఊరి పేరు రాసి, ఆమె నేర్చుకున్న పాటల ఫైళ్లు, పాడినట్టే అచ్చువేసిన పుస్తకం ఆమెకు ఇచ్చి పంపారు. మొదటి ఏడాది సద్దులకు ఆమె పుట్టింటికి వచ్చినప్పుడు, అక్కడి నుంచి తెచ్చిన రెండు కొత్త పాటలు రిజిస్టరులోకి ఎక్కాయి. ‘ఇప్పుడు ఎవరు నేర్చుకుంటున్నారు’ అన్న గడి వాటికి ఖాళీగా ఉంది, వచ్చే బొడ్డెమ్మకు ముందు ఆ గడి నింపాలి.